‘చూస్తాను’ అంటే వాళ్ళకేమి వినిపించింది?

ప్రశ్న: మేడమ్, మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. నాన్నకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. హైదరాబాదులో బీటెక్ చదివి, బ్యాంకు అప్పుతో సెప్టెంబరులో ఇంగ్లండ్‌కు వచ్చాను. ఏడాది ఎమ్మెస్సీ. ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చింది, కాబట్టి భాష రాదని అనలేను. అయినా నోరు తెరిస్తే ఏదో ఒక పొరపాటు జరుగుతోంది.

ఇంట్లో నాతో ఉండే ఇంగ్లిష్ అమ్మాయి ‘శనివారం వంటగది నువ్వు శుభ్రం చేస్తావా’ అని అడిగింది. ఆ రోజు నాకు పని ఉంది. ముఖం మీద చేయనని ఎలా అంటాను? చూస్తానన్నాను. ఆదివారం ఆమె ‘చేస్తానని చెప్పి చేయలేదు’ అంది. సర్దుకుందామని బిర్యానీ చేసి పెట్టాను. కొంచెం తిని చాలంది. మొహమాటానికి అంటోందనుకొని ఇంకో రెండు గరిటెలు వేశాను. ముఖం ముడుచుకుంది. మిగిలింది డబ్బాలో పెట్టి ఇస్తే, ఆ డబ్బా కడిగి ఖాళీగా నా గది ముందు పెట్టింది. ఏడుపొచ్చింది.

మా ట్యూటర్ నా వ్యాసం చిత్తుప్రతి చూసి ‘ఆసక్తికరంగా ఉంది, రెండో భాగం మరోసారి చూసుకుంటే బాగుంటుందేమో’ అన్నారు. సంతోషంగా వచ్చేశాను. చివరికి 52 మార్కులు వేశారు. ఇంటర్‌లో నాకు వెయ్యికి 962. సెమినార్లలో నేను మాట్లాడటం లేదని మా గ్రూపువాళ్ళు మెయిల్ పెట్టారు. ఇక్కడే చదువుతున్న సూర్యాపేట స్నేహితురాలు నా అసైన్‌మెంట్ ఫైలు పంపమని రోజూ అడుగుతోంది. ఇవన్నీ చాలవన్నట్టు, అమ్మతో ఫోనులో నోరు జారి ‘థాంక్స్’ అంటే ‘అంత పరాయిదానివయ్యావా’ అని బాధపడింది. నేను మారాలా మేడమ్? మారితే నటిస్తున్నట్టు ఉంటోంది.

జవాబు: నిన్ను ‘నువ్వు’ అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు. నాది మహబూబ్‌నగర్. మా వైపు పల్లెల్లో ‘మీరు’ అనే మాటను బ్యాంకు మేనేజరు కోసమూ కొత్త అల్లుడి కోసమూ దాచిపెట్టుకుంటారు. నా చిన్నప్పుడు కరువు పనులు చూడటానికి ఊరికి వచ్చిన కలెక్టరును మా అవ్వ ‘నువ్వు చల్లగా ఉండు బిడ్డా’ అని దీవించింది. ఆయన వెంట వచ్చిన ఒక అధికారి, గోదావరి జిల్లాల మనిషి, చివుక్కున తల తిప్పి చూశాడు. ఆయన చెవికి ఆ మాటలో ‘మీరు’ లేదు, ‘అండి’ లేదు. మా అవ్వకేమో ‘బిడ్డా’ అన్న తర్వాత ఇంకా ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరూ తెలుగువాళ్ళే, అప్పటికి ఒకే రాష్ట్రంవాళ్ళు. నువ్వేమో సముద్రాలు దాటి వెళ్ళి ఆశ్చర్యపోతున్నావు.

ఇది నీకూ మొదటిసారి కాదు. దేవరకొండ నుంచి హైదరాబాదు హాస్టలుకు వెళ్ళిన మొదటి నెలలో నీ యాసకు నవ్వినవాళ్ళు ఉండే ఉంటారు. ఆరు నెలలు తిరిగేసరికి హాస్టల్లో ఒక తీరు, ఇంటికి ఫోను చేస్తే ఒక తీరు వచ్చేసి ఉంటాయి. అప్పుడు నటిస్తున్నానని నాకు ఉత్తరం రాయలేదు కదా. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు ఒక చిన్న విషయం. నువ్వు రాయలేదు గానీ, కాఫీ కొట్టు దగ్గర కూడా నీకు ఒకటి రెండు చల్లని చూపులు ఎదురై ఉంటాయని పందెం కాస్తాను. తెలుగులో మర్యాద క్రియ తోకలో ఉంటుంది. ‘నీళ్ళు ఇవ్వండి’ అంటే అడగడమూ గౌరవించడమూ రెండూ అయిపోతాయి. మన వైపు ఆ ‘అండి’ కూడా తక్కువే, దాని పని ‘అన్నా’, ‘అక్కా’, ‘సారూ’ చేస్తాయి. మిగిలింది గొంతు చూసుకుంటుంది. ఇంగ్లిష్ క్రియకు అలాంటి తోక లేదు, కొట్లో ఉన్నవాడిని అన్నా అని పిలిచే వీలూ లేదు. నువ్వు మనసులో ‘అన్నా, ఒక కాఫీ ఇవ్వవా’ అనుకుంటావు. నోటి నుంచి మాత్రం ‘ఒక కాఫీ ఇవ్వు’ అన్నంత మాటే వస్తుంది. గౌరవం నీ దగ్గర బస్సెక్కింది గానీ దారిలో ఎక్కడో దిగిపోయింది. అక్కడ ఆ పని చేసేవి ‘ప్లీజ్’, ‘కుడ్ ఐ’, ‘వుడ్ యూ మైండ్’ లాంటి ముక్కలు. మనకు అవి పైపై పూతల్లా అనిపిస్తాయి, నిజమే. వాళ్ళకవి మన ‘అండి’తో సమానం. తీసేస్తే వాక్యం నగ్నంగా నిలబడుతుంది. బస్సు దిగుతూ డ్రైవరుకు థాంక్స్ చెప్పడం కూడా అలాంటిదే. మన ఆర్టీసీ బస్సులో అలా చెబితే, ఇంకా చిల్లర రావాలేమోనని కండక్టరు సంచి తడుముకుంటాడు.

బస్సు అంటే నా కథ ఒకటి గుర్తొచ్చింది. 1990లలో నేను ఇంగ్లండ్ నడి ప్రాంతంలో చదువుకున్నాను. వెళ్ళిన రెండో వారం, బస్సులో నా కాలు ఒక ముసలావిడ కాలికి తగిలింది. ఆలోచించకుండానే వంగి ఆమె మోకాలు తాకి చెయ్యి కళ్ళకద్దుకున్నాను. ఆవిడ బిత్తరపోయి తన చేతిసంచి గుండెకు హత్తుకుంది. అక్కడ అలాంటప్పుడు ‘సారీ’ అంటారు. తొక్కినవాళ్ళే కాదు, తొక్కించుకున్నవాళ్ళు కూడా అంటారు. అదే బస్సు దిగుతుంటే డ్రైవరు నన్ను ‘డక్’ అన్నాడు. బాతు! గదికొచ్చి అద్దంలో నడక చూసుకున్నాను. తర్వాత తెలిసింది, నాటింగ్‌హామ్, డెర్బీ, స్టోక్ వైపు అది మన ‘బిడ్డా’ లాంటి పిలుపు. యార్క్‌షైర్‌లో ‘లవ్’, న్యూకాజిల్‌లో ‘పెట్’ అంటారు. గ్లాస్గో వెళ్తే ఆడవాళ్ళను ‘హెన్’ అంటారు, అంటే కోడిపెట్ట. కొత్తవాళ్ళను వరసపెట్టి పిలవడం మన పల్లెల సొత్తేనని నేను అనుకున్నది ఆ రోజుతో సరి. నిన్ను ఎవరైనా బాతు అంటే సంతోషించు.

ఇక ‘చూస్తాను’. ఈ మాటకు మన దగ్గర ఎంత బలగం ఉందో బయటికి వెళ్తేగానీ తెలియదు. అప్పు అడిగితే ‘చూద్దాం’. సంబంధం నచ్చకపోతే ‘ఇంట్లో మాట్లాడి చెప్తాం’. పోలేని పెళ్ళికి ‘వీలు చూసుకొని వస్తాం’. ఈ మూడింటికీ అర్థం ఒకటేనని దేవరకొండ సంతలో కూరగాయలు అమ్మే అవ్వకు కూడా తెలుసు. అడిగినవాళ్ళ ముఖం చిన్నబోదు, చెప్పినవాళ్ళ నోటి నుంచి ‘లేదు’ రాదు, ఇద్దరూ క్షేమంగా ఇంటికి చేరతారు. అనుమానం ఉంటే మర్నాడు ఇంకోసారి అడుగుతారు, అప్పుడు గొంతులో తేడా పట్టుకుంటారు. అంటే మన పద్ధతి రెండుసార్లు అడగడం మీద నడుస్తుంది. ఆ అమ్మాయి ఒక్కసారే అడిగింది. నువ్వు చూస్తానన్నావు, పైగా తల ఊపి ఉంటావు. మన తల ఊపు మరీ చిక్కు. నిలువుగా ఊపితే అవును, అడ్డంగా ఊపితే కాదు అని మాత్రమే తెలిసినవాళ్ళకు, పక్కకు వాల్చి ఊపే మన మూడో ఊపు ఏ లెక్కలోకీ రాదు. ఫోనులో ‘ఆఁ, ఆఁ’ అంటుంటాం కదా, వింటున్నానని చెప్పడానికి. దాన్ని కూడా వాళ్ళు ఒప్పుకోలు కింద జమ వేసుకుంటారు.

శనివారం నీకు షిఫ్టు ఉందన్న సంగతి ఆమెకు ఇప్పటికీ తెలియదని నా అనుమానం. చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయనివ్వని వీసా నీది. ఉన్న ఒక్క షిఫ్టు వదులుకోలేవు. చెప్పాల్సింది అదే: ‘శనివారం నాకు పని ఉంది, ఆదివారం పొద్దున చేస్తాను.’ చేయలేనని చెప్పడం, వెంటనే ఎప్పుడు చేయగలవో చెప్పడం. కారణం ఒక్క వాక్యం చాలు. మనం మూడు కారణాలు చెబుతాం, మూడోది వచ్చేసరికి మొదటిది కూడా అబద్ధంలా వినిపిస్తుంది. మొదటిసారి చెప్పేటప్పుడు గొంతు తడారిపోతుంది. నాకైతే అద్దం ముందు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంతదాకా చదివి ఇంగ్లిష్‌వాళ్ళు ముక్కుసూటి మనుషులని నిర్ణయించుకోకు. వాళ్ళు మనకంటే పెద్ద మొహమాటస్థులు. మనం ‘లేదు’ను ‘చూద్దాం’ వెనుక దాస్తే, వాళ్ళు తమ ‘బాగాలేదు’ను ‘ఆసక్తికరంగా ఉంది’ వెనుక దాస్తారు. మీ ట్యూటర్ అన్న ‘మరోసారి చూసుకుంటే బాగుంటుందేమో’ ఉంది చూడు, దాన్ని తెలుగులోకి తెస్తే ‘ఈ భాగం తీసేసి మళ్ళీ రాయి’ అని వస్తుంది. ‘నేనైతే ఇంకోలా మొదలుపెట్టేవాడినేమో’ అంటే మొదలు తప్పని. ‘ఒక చిన్న సందేహం’ అంటే పెద్ద గుంత ఉందని. అదే మనిషి ‘నాట్ బ్యాడ్’ అంటే మాత్రం బాగా మెచ్చుకున్నట్టు. ‘మీరొకసారి మా ఇంటికి రావాలి’ అంటారు, తేదీ చెప్పరు. మనకు కొత్తా ఇది? ‘మా ఊరు రండి ఒకసారి’ అంటే వీడ్కోలు, ‘ఆదివారం రండి, కోడిని కోస్తాం’ అంటే పిలుపు. అక్కడా అంతే, వారం పేరు వినిపించేదాకా చీర ఇస్త్రీ చేయనక్కరలేదు. ‘ఆల్‌రైట్?’ అని నడుస్తూ అడిగేవాళ్ళకు నీ జలుబు సంగతి అక్కరలేదు. మన ఊరి అరుగు మీద కూర్చున్న తాత ‘తిన్నావా’ అంటే ఏ కూరో చెబుతూ నిలబడతామా? వానల ముచ్చట మాత్రం తేడా. వాళ్ళకది మాట కలపడానికి తెరిచే తలుపు. నల్లగొండ, పాలమూరు మెట్టనేలల్లో ‘మీ దిక్కు వానలు పడ్డాయా’ అంటే ఆ ఏడు తిండి ఉందా అని అడిగినట్టు.

కాబట్టి ‘ఇంట్లో మాట్లాడి చెప్తాం’ను పట్టుకోగలిగిన పిల్లవు, మీ ట్యూటర్ మాటనూ పట్టుకోగలవు. పెద్ద తెలివి అక్కరలేదు, అక్కడ ఎక్కడెక్కడ దాస్తారో తెలియాలి అంతే. అనుమానం ఉన్నప్పుడు ఒక ఉపాయం ఉంది. గదిలోంచి లేచే ముందు విన్నది నీ మాటల్లో తిరిగి చెప్పు: ‘అయితే రెండో భాగం మొత్తం తిరగరాసి, వాదన ముందుకు తేవాలి, అంతేనా?’ తప్పు విని ఉంటే ఆయన అప్పుడే సరిచేస్తారు. సాయంత్రం అదే విషయం నాలుగు లైన్ల మెయిల్‌గా పంపు. వినయంగా తల ఊపి వచ్చేయడం మన దగ్గర గురుభక్తి. అక్కడ అది ‘ఈమెకు అన్నీ తెలుసు’ అనిపిస్తుంది.

మార్కుల గురించి కూడా ఒక మాట. అక్కడి మాస్టర్స్‌లో మామూలుగా 50 వస్తే పాస్, 60 దాటితే మెరిట్, 70 దాటితే డిస్టింక్షన్. 80లు చూసినవాళ్ళు అరుదు. వెయ్యికి 962 తెచ్చుకున్న పిల్లకు 52 ఎలా గుచ్చుకుంటుందో నాకు తెలుసు, కానీ నువ్వు తప్పలేదు. ఇంట్లో ముందే ఈ లెక్క చెప్పిపెట్టు. లేకపోతే పక్కింటివాళ్ళు అడిగినప్పుడు మీ నాన్న 52 అని చెప్పలేక తోటలోకి వెళ్ళిపోతారు.

సెమినార్లకు వద్దాం. మన బడిలో సారు ‘అర్థమైందా’ అంటే నలభై గొంతులు ‘అర్థమైంది సార్’ అంటాయి. అర్థం కాలేదన్నవాడు సారును అవమానించినట్టు, గంట కొట్టే వేళ అందరినీ ఆపినట్టు. పదిహేనేళ్ళు అలా పెరిగిన నోరు ఒక్క సెమిస్టరులో తెరుచుకోదు. కానీ అక్కడ మౌనానికి వినయం అనే అర్థం లేదు. చదవకుండా వచ్చిందనుకుంటారు, లేదా తమతో కలవడం ఇష్టం లేదనుకుంటారు. మీ గ్రూపువాళ్ళ మెయిల్ నీకు దెబ్బలా తగిలింది గానీ, రాసినవాళ్ళు నిన్ను పక్కన పెట్టాలనుకుంటే అసలు రాయరు. జవాబు ఇవ్వు. పెద్ద గ్రూపులో మాట తొందరగా అందుకోలేకపోతున్నానని, ఫలానా భాగం నేను రాసి బుధవారానికి పంపుతానని చెప్పు, బుధవారానికి పంపు. సెమినారుకు వెళ్ళే ముందు చదివిన దాంట్లోంచి ఒకే ఒక్క ప్రశ్న కాగితం మీద రాసుకొని, మొదటి పది నిమిషాల్లో అడిగేయి. ఆలస్యం చేసిన కొద్దీ గొంతు బరువెక్కుతుంది. టీచరు నీ వైపు చూసి ‘నువ్వు చెప్పమ్మా’ అనేదాకా ఆగుతావేమో, అనరు. మాటల మధ్య సందు చిన్నది. అందులో దూరడానికి వాళ్ళు వాడే తాళంచెవి కూడా ‘సారీ’యే. ‘సారీ’ అని మొదలుపెడితే అందరూ ఆగుతారు.

అడిగేటప్పుడు ‘డౌట్’ అనకు. మన కాలేజీల్లో ‘సార్, డౌట్’ అంటే ప్రశ్న. అక్కడ మీరు చెప్పింది నేను నమ్మడం లేదని. మా రోజుల్లో ఒకమ్మాయి వరసగా మూడు వారాలు ప్రొఫెసరు మీద డౌట్లు వ్యక్తం చేసింది, పాపం ఆయన నాలుగో వారం రుజువులు మోసుకొచ్చాడు. ‘పాసౌట్’ కూడా మానుకో, అక్కడ అది మూర్ఛపోవడం. ఇక ‘సార్’. ఇంగ్లండ్‌లో ‘సర్’, ‘మిస్’ అనేది బడిపిల్లలు. విశ్వవిద్యాలయంలో ముందు డాక్టర్ ఫలానా అని ఇంటిపేరుతో రాయి. ఆయన జవాబు కింద ఒట్టి మొదటి పేరు పెడితే, ఇకనుంచి ఆ పేరుతో పిలవమని అనుమతి ఇచ్చినట్టు. పేరు పెట్టి పిలవలేక నేను ఏడాదంతా ‘ఎక్స్‌క్యూజ్ మీ’తో నెట్టుకొచ్చాను. అదీ పనిచేస్తుంది.

సమయం సంగతి నీకు చెప్పనక్కరలేదు, ఆ దేశంలో మూడు నెలలు ఉన్నవాళ్ళకు అది ఒంటబడుతుంది. ఒక్క చిక్కు మాత్రం సరదాగా ఉంటుంది. వాళ్ళు ‘హాఫ్ త్రీ’ అంటే మన మూడున్నర. జర్మనీలో ‘హాల్బ్ డ్రై’ అంటారు, పదానికి పదం అదే, కానీ అర్థం రెండున్నర. అక్కడ చదువుతున్న మా అక్క కొడుకు ఈ ఒక్క ముక్కతో ఇల్లు చూపించే మనిషిని గంటసేపు నిలబెట్టాడు. వాడికే ఇంకోటి కూడా జరిగింది. ఎవరో కాఫీ ఇవ్వబోతే ‘డాంకె’ అన్నాడు, అంటే ధన్యవాదాలు. వాళ్ళు కప్పు వెనక్కి తీసుకున్నారు. ఏదైనా ఇవ్వబోయినప్పుడు అక్కడ ఉత్త ‘డాంకె’ అంటే వద్దని.

బిర్యానీ దగ్గరికి వచ్చాం. మన ఇళ్ళలో మొదటి ‘వద్దు’ లెక్కలోకి రాదు, రెండోది మొహమాటం, మూడోసారి చేయి అడ్డం పెడితే అప్పుడు గరిటె ఆగుతుంది. అమ్మలు దాన్ని ప్రేమ అంటారు, నేనూ అంటాను. ఆ అమ్మాయి మొదటిసారే నిజం చెప్పింది. దాన్ని నువ్వు పక్కకు తోసి వడ్డిస్తే, తన మాటకు విలువ లేదని ఆమెకు అనిపించింది. వారం ముందు నీ ‘చూస్తాను’ను ఆమె నమ్మడమూ, ఈ వారం ఆమె ‘చాలు’ను నువ్వు నమ్మకపోవడమూ పక్కపక్కన పెట్టి చూడు, ఆమె వైపు నుంచి ఎలా ఉంటుందో. ఇక ఖాళీ డబ్బా. గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వకూడదని, కనీసం చిటికెడు చక్కెరైనా వేసి పంపాలని మనకు మన అమ్మమ్మలు చెప్పారు. ఆమెకు ఆమె అమ్మమ్మ, ఒకరి డబ్బా జిడ్డు లేకుండా కడిగి తిప్పి ఇవ్వాలని చెప్పి ఉంటుంది. నీ గది ముందు పెట్టింది కోపం కాదు తల్లీ, సబ్బు వాసన వచ్చే మర్యాద.

ఆమెతో సర్దుకోవడానికి బిర్యానీ కంటే చవకైన దారి చెబుతాను. ఆ దేశంలో కెటిల్ పెట్టినవాళ్ళు ఇంట్లో ఉన్న అందరినీ ‘టీ కావాలా’ అని అడగాలి. ఒక్కరికే పెట్టుకొని గదిలోకి పోతే, పైకి ఎవరూ ఏమీ అనరు, లోపల మాత్రం నమోదవుతుంది. వాళ్ళకున్న అతిథి మర్యాదలో సగం ఆ నీళ్ళు కాగే మూడు నిమిషాల్లోనే ఉందని నా అభిప్రాయం. నువ్వు అడుగు. పాలు ఎన్ని, చక్కెర ఎంత అని ఒకసారి తెలుసుకొని గుర్తుపెట్టుకో. టీ తాగుతూ చెప్పేయి: ‘మా భాషలో చూస్తానంటే తరచూ కుదరదని అర్థం. నువ్వు అవునని అనుకున్నావని తర్వాత తెలిసింది.’ నవ్వుతుంది. నవ్వకపోతే నాకు రాయి.

సూర్యాపేట స్నేహితురాలి విషయంలో మాత్రం నేను నవ్వలేను. ఇంటర్‌లో రికార్డు ఇవ్వని పిల్లను మనం స్వార్థపరురాలు అంటాం, నాకు తెలుసు. నేను కూడా ఫిజిక్స్ రికార్డు ఒకరిది చూసే రాశాను. అక్కడ దీనికి ‘కొల్యూజన్’ అని పేరు, విశ్వవిద్యాలయాల నిబంధనల్లో అది నేరం. తీసుకున్నవాళ్ళతో పాటు ఇచ్చినవాళ్ళూ విచారణకు వెళ్ళాలి. టర్నిటిన్ లాంటి సాఫ్ట్‌వేర్ వ్యాసాలను పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తుంది, దానికి మొహమాటం లేదు. బత్తాయి తోట మీద తెచ్చిన అప్పో, బ్యాంకు అప్పో, ఏదైనా ఒక ఫైలు మీద పందెం కట్టడానికి కాదు. ఆ పిల్లతో తెలుగులోనే, అక్కా చెల్లీ అని పిలుచుకుంటూనే చెప్పు: ‘ఫైలు పంపను. శనివారం సాయంత్రం లైబ్రరీకి రా, నీకు ఎక్కడ ఆగిపోయిందో ఇద్దరం కూర్చొని మాట్లాడుకుందాం.’ నీ షిఫ్టు అయ్యాకే సుమా. కోపం వస్తే వారం రోజులు ఉంటుంది. ‘చూస్తాను’ అని మాత్రం దాటవేయకు, తనకు ఆ మాట అర్థం తెలుసు, అందుకే రోజూ అడుగుతోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రతి చేదు అనుభవాన్నీ సంస్కృతి తేడా అని మింగకు. నీ పేరు పలకడం రాక తడబడేవాళ్ళు వేరు, నీ పేరుతో వెటకారం చేసేవాళ్ళు వేరు. జీతం ఎగ్గొట్టే యజమానికీ అడ్వాన్సు తిరిగి ఇవ్వని ఇంటి ఓనరుకూ ఏ దేశంలోనూ సంస్కృతి సాకు కాదు. మీ విద్యార్థి సంఘంలో సలహా కేంద్రం ఉంటుంది, ఉచితం, మామూలుగా విశ్వవిద్యాలయ యాజమాన్యానికి సంబంధం లేకుండా నడుస్తుంది. వెళ్ళి అడగడానికి మొహమాటపడకు.

నటన గురించి అడిగావు. మా పాత జిల్లా పడమటి అంచున, ఇప్పుడు వేరే జిల్లా అయిన నారాయణపేట ఉంది, చీరలకు పేరు. దాటితే కర్ణాటక. నారాయణపేటలోనే ఒక చీరల దుకాణంలో నేను గంటసేపు కూర్చున్నాను. యజమాని కర్ణాటకలోని యాదగిరి నుంచి వచ్చినవాళ్ళతో కన్నడంలో బేరమాడాడు, నాతో తెలుగులో, పక్క కొట్టు ఆయనతో ఉర్దూలో. భాషే కాదు, మాట తీరు కూడా మారింది. కన్నడంలో కొంచెం మెత్తగా, ఉర్దూలో నవ్వుతూ, నాతో మాత్రం ఒక్క రూపాయి తగ్గకుండా. ఆయన ఏ భాషలో నటించాడంటావు? మా పాత ఇంటి పక్కన ఒక మేస్త్రీ ఉండేవాడు, పాలమూరు నుంచి ముంబయికి, పుణెకు కూలీలను తీసుకెళ్ళేవాడు. ఆరు నెలలు అక్కడ మరాఠీలో ‘భావూ’, ‘తాయీ’ అని, అంటే అన్నా, అక్కా అని పిలిచిన నోటితోనే ఊళ్ళో బస్సు దిగగానే ‘ఏం అవ్వా, బాగున్నావా’ అనేవాడు. ఆయన చదువుకోలేదు గనుక, తాను ఎవరన్న అనుమానం ఆయనకు ఎప్పుడూ రాలేదు. నీకు వచ్చింది. కొన్నాళ్ళు చెప్పులు కొత్తగా కరుస్తాయి, అంతకంటే పెద్ద పేరు ఆ బాధకు పెట్టకు. బతుకమ్మ వచ్చినప్పుడు అక్కడి తెలుగు పిల్లలతో కలిసి దొరికిన పూలతోనే పేర్చుకో. అలా అని ఎనిమిది మంది తెలుగువాళ్ళున్న ఇంటికి మారిపోవాలని ఇప్పుడే తొందరపడకు.

మీ అమ్మగారి బాధ మాత్రం నాకు నీ 52 కంటే పెద్దదిగా కనిపిస్తోంది. మన ఇళ్ళలో థాంక్స్ అంటే లెక్క తీర్చేసినట్టు. అన్నం పెట్టినందుకు డబ్బు ఇచ్చినట్టు వినిపిస్తుంది. ‘వెళ్తాను’ అనకుండా ‘వెళ్ళొస్తాను’ అనే ఇంట్లో, లెక్క ముగించే మాట గుచ్చుకోదా? ఆమెకు ఆ మాట అలవాటు చేయాలని చూడకు. బస్సు డ్రైవరుకు రోజుకు రెండుసార్లు చెప్పి చెప్పి నోటికొచ్చేసిందని నవ్వుతూ చెప్పు, డ్రైవరు నన్ను బాతు అన్న కథ కూడా చెప్పు. చలికాలంలో మీ దగ్గర రాత్రి ఎనిమిదంటే ఆమెకు ఒంటిగంటన్నర. మెలకువగా ఉంటానని ఆమె అంటుంది, నమ్మకు. అక్కడి మధ్యాహ్నం చెయ్యి. ‘తిన్నావా అమ్మా’ అని ముందు నువ్వు అడుగు.

మళ్ళీ ట్యూటర్‌ను కలిశాక ఏమైందో నాకు రాయి. రాస్తావో రాయవో ఇప్పుడే చెప్పు. ‘చూస్తాను మేడమ్’ అని జవాబిచ్చావంటే, నాది పాలమూరు, నాకు అర్థమైపోతుంది.